లాభం రాని షేర్లు, ఊరు దాటని టీమ్

అమెరికన్ ఫుట్‌బాల్‌లో నన్ను ఆటకంటే ఎక్కువ ఆకట్టుకున్నది గ్రీన్ బే ప్యాకర్స్ ఓనర్లు. విస్కాన్సిన్‌లో సుమారు లక్ష జనాభా ఉన్న ఊరు గ్రీన్ బే. 1919లో కర్లీ లాంబో, జార్జ్ కాల్హూన్ కలిసి టీమ్ పెట్టారు. జెర్సీలకు డబ్బిచ్చింది లాంబో పనిచేసే మాంసం ప్యాకింగ్ కంపెనీ. అందుకే ఆ పేరు.

1923లో టీమ్‌ని నిలబెట్టడానికి ఊరివాళ్లే షేర్లు కొన్నారు. వాటికి డివిడెండ్ రాదు, లాభానికి అమ్ముకోలేం. మరెందుకు కొన్నట్టు? టీమ్ తమ ఊళ్లోనే ఉండాలని! పోర్ట్స్‌మత్ అనే చిన్న ఊరి టీమ్ 1934లో డెట్రాయిట్‌కి వెళ్లిపోయింది. ప్యాకర్స్ కదల్లేదు. పైగా డ్రాఫ్ట్‌లో 200వ వాడిగా వచ్చిన బార్ట్ స్టార్ సారథ్యంలో మొదటి రెండు సూపర్ బౌల్స్ గెలిచారు.

అందరిదీ అయితే ఎవరూ పట్టించుకోరంటాం కదా, ఈ ఊరిని చూశాక నాకలా అనాలనిపించట్లేదు.