బాగానే ఉందని మానేసిన మాత్ర

జగ్గయ్యపేట, నందిగామ చుట్టుపక్కల ఊళ్ళలో బీపీ మాత్ర మానేసినవాళ్ళను అడిగితే తరచూ వినిపించే జవాబు: "ఇప్పుడు బాగానే ఉంది కదా!" మిరప కోతల రోజుల్లో తెల్లారకముందే చేలోకి వెళ్ళే మనిషికి, తల తిరగనప్పుడు, నొప్పి లేనప్పుడు మాత్ర గుర్తుకు రాదు. మెదడులో నరం చిట్లే ప్రమాదం ఎక్కువగా ఉండేది అలాంటివాళ్ళకే. బీపీ రెండు వందలు దాటినా ఒంట్లో ఏమీ తెలియనివాళ్ళు చాలామంది.

మెదడు లోతుల్లోకి వెళ్ళే సన్నటి రక్తనాళాలు పెద్ద ధమని నుంచి నేరుగా చీలతాయి. బోరు మోటారు పక్కనే బిగించిన సన్న డ్రిప్ పైపు మీద ఒత్తిడి ఎలా పడుతుందో వాటి మీదా అలాగే పడుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ నాళం గోడలోని కండర పొర దెబ్బతిని పెళుసవుతుంది, కొన్నిచోట్ల చిన్న బుడిపెలు లేస్తాయి. 1868లో పారిస్ వైద్యులు షార్కో, బుషార్ ఈ బుడిపెలను గుర్తించి వివరించారు. ఏదో ఒక రోజు అందులో ఒకటి పగిలితే, కారిన రక్తం గడ్డకట్టి చుట్టూ ఉన్న మెదడును నొక్కేస్తుంది.

అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్ట్‌కు 1944 మార్చిలో బీపీ 186/108 ఉంది. 1945 ఏప్రిల్ 12న మెదడులో రక్తస్రావమై కుప్పకూలినప్పుడు పై అంకె మూడు వందలు దాటింది. అంతటివాడికి అప్పట్లో పనికొచ్చే మందే లేదు. ఇవాళ అలాంటి మందు మన పీహెచ్‌సీలో ఉచితంగా ఇస్తున్నా మనం మానేస్తున్నాం. నాకు బాధ కలిగించేది ఇదే. ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో 2003-04లో జరిగిన మరణాలను పరిశీలిస్తే, వందలో 13 పక్షవాతం వల్లనే, అంటే మెదడులో నాళం చిట్లడం లేదా పూడుకుపోవడం వల్లనేనని తేలింది.

మాత్ర మానడం ఒక్కటే కాదు, దానికి తోడయ్యేవి ఇంకా ఉన్నాయి. ఉప్పు మన కంచంలో కూరలోనే కాదు, ఆవకాయలో, చల్ల మిరపకాయల్లో, అప్పడంలో కూడా ఉంటుంది. రోజుకు 5 గ్రాములు, అంటే ఒక టీస్పూను, దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోజూ తాగే మద్యం బీపీని పెంచుతుంది, రక్తం గడ్డకట్టే గుణాన్ని కూడా దెబ్బతీస్తుంది. బీడీ, చుట్ట సంగతి చెప్పనక్కర్లేదు. నడుము నొప్పికి మందుల షాపులో అడిగి వేసుకునే డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు బీపీని పెంచుతాయి, కిడ్నీలనూ దెబ్బతీస్తాయి. కిడ్నీ చెడితే బీపీ అదుపు తప్పుతుంది, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. కిడ్నీ జబ్బుతో నలిగిన ఎ.కొండూరు మండలం తండాలు మనకు దూరం కావు. ఆ ఇళ్ళలో బీపీ చూసుకోవడం మరీ ముఖ్యం. గుండెకోసం రక్తాన్ని పలచబరిచే మందులు వాడేవాళ్ళు వాటిని సొంతంగా ఆపకూడదు. బీపీని మాత్రం గట్టిగా అదుపులో ఉంచుకోవాలి. మాత్ర పడక కాళ్ళు వాస్తే డాక్టర్ని అడిగి మార్పించుకోవచ్చు, మానేయాల్సిన పని లేదు. కొన్ని రకాల మాత్రలు ఉన్నట్టుండి ఆపితే బీపీ ఒక్కసారిగా ఎగదన్నుతుంది.

ఉన్నట్టుండి మూతి వంకరపోయినా, చెయ్యీ కాలూ పడిపోయినా, మాట తడబడినా, ఎన్నడూ ఎరగని తలనొప్పి వచ్చి వాంతయినా 108కి ఫోన్ చెయ్యండి. నోట్లో నీళ్ళు పొయ్యకండి, ఆస్పిరిన్ వెయ్యకండి. నాళం చిట్లిందో, పూడుకుపోయిందో చూస్తే తెలియదు, సీటీ స్కాన్ తీస్తేనే తెలుస్తుంది. పూడికను కరిగించే ఇంజెక్షన్ చిట్లినవాళ్ళకు ఇస్తే ప్రాణం మీదికి వస్తుంది. జగ్గయ్యపేట నుంచి విజయవాడ 80 కిలోమీటర్లకు అటూ ఇటుగా ఉంటుంది. స్కాన్ ఏ ఆస్పత్రిలో రాత్రిపూట కూడా తీస్తారో ఇంట్లో బీపీ మనిషి ఉన్నవాళ్ళు ముందే కనుక్కుని, ఆ ఆస్పత్రి ఫోన్ నంబరు గోడ మీద రాసి పెట్టుకోవాలి.