పైత్యరస నాళ కాన్సర్‌లో రోగనిరోధక కణాల పాత్ర

మా క్రోసూరు వైపు కళ్ళు పచ్చబడితే చాలామందికి ముందు గుర్తుకొచ్చేది పసరు మందు. వైరస్ వల్ల వచ్చే కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి, పేరు మాత్రం పసరుకు దక్కుతుంది. పైత్యరస నాళంలో కణితి పెరిగి దారి మూసుకుపోయినా కళ్ళు పచ్చబడతాయి. కానీ ఆ పచ్చదనం తగ్గదు. మలం పాలిపోతుంది, మూత్రం ముదురు రంగుకు మారుతుంది, ఒళ్ళంతా దురద పెడుతుంది. పసరుతో గడిచిపోయే వారాలు శస్త్రచికిత్సకు వీలున్న వారాలు కావచ్చు.

ఈ కణితి అంటే కాన్సర్ కణాల ముద్ద మాత్రమే అనుకోకండి. అందులో పీచు కణజాలం, రక్తనాళాలు, రోగనిరోధక కణాలు కూడా ఉంటాయి. గత యూనిట్‌లో మీరు చదివిన స్థూలభక్షక కణాలు ఇక్కడ పెద్ద సంఖ్యలో చేరతాయి. సూక్ష్మజీవులను మింగడంతోపాటు గాయం మాన్పడం కూడా వీటి పనే. గాయం మానాలంటే కణాలు విభజన చెందేలా సంకేతాలు పంపాలి, కొత్త రక్తనాళాలు పెరగనివ్వాలి. నాళంలో రాళ్ళ వల్లో పరాన్నజీవుల వల్లో వాపు ఏళ్ళ తరబడి నిలిచిపోతే ఈ పనికి అంతు ఉండదు. ఈశాన్య థాయ్‌లాండ్‌లో పచ్చి చేపలు తినడం వల్ల సోకే కాలేయపు పురుగు, దాని వెంట వచ్చే ఈ కాన్సర్ ఇందుకు బాగా తెలిసిన ఉదాహరణ. కణితి ఏర్పడ్డాక ఆ సంకేతాలే దానికి ఎరువవుతాయి. కంచే చేను మేసినట్లన్నమాట.

మరో నష్టం కూడా ఉంది. కాన్సర్ కణాలను చంపగల టి-కణాలపై పీడీ-1 అనే గ్రాహకం ఉంటుంది. స్థూలభక్షక కణాలపై ఉండే పీడీ-ఎల్1 అనే ప్రోటీన్ దానికి తగులుకుంటే టి-కణం పని మందగిస్తుంది.

అయితే స్థూలభక్షక కణాలను అడ్డుకుంటే సరిపోతుంది కదా అని మీకు తోచవచ్చు. నాకూ మొదట అలాగే తోచింది. 2020లో ప్రచురితమైన ఒక పరిశోధనలో చిట్టెలుకలపై అలా చేసి చూశారు. కణితి తగ్గలేదు. ఖాళీ అయిన చోటికి, టి-కణాలను అణచివేసే మరో తెల్లరక్తకణాల గుంపు వచ్చి చేరింది. రెండు గుంపులనూ ఆపినప్పుడు పీడీ-1 నిరోధకం మెరుగ్గా పనిచేసింది.

రోగుల విషయానికొస్తే, పీడీ-ఎల్1ను అడ్డుకునే డర్వాలుమాబ్ అనే ప్రతిరక్షకాన్ని కీమోథెరపీతో కలిపి వాడటానికి 2022లో అమెరికాలో అనుమతి లభించింది. పిత్తాశయ కాన్సర్ రోగులు కూడా పాల్గొన్న ఆ ట్రయల్‌లో మధ్యస్థ జీవితకాలం 11.5 నెలల నుంచి 12.8 నెలలకు మాత్రమే పెరిగింది. ఈ ఒక్క అంకె చూసి పెదవి విరవకండి. రెండేళ్ళ తర్వాత జీవించి ఉన్నవారు, కీమోథెరపీ మాత్రమే పొందినవారిలో సుమారు పదిమందికి ఒకరైతే, ఈ మందు కూడా పొందినవారిలో సుమారు నలుగురికి ఒకరు. ఆ నాలుగో మనిషి ఎవరో చికిత్సకు ముందే గుర్తించడం ఎలా అన్నదే ఇప్పుడు పరిశోధకుల ముందున్న పని.