చీమల సహకారము – దాని లెక్క, దాని హద్దు

సామెతల గ్రంథము 6వ అధ్యాయములోని చీమను గూర్చి మనము ఎన్నో ప్రసంగములు విన్నాము, చేసియున్నాము. దానికి అధికారి లేడని ఆ గ్రంథమే చెప్పుచున్నది. అధికారి లేకుండ అవి కలిసి ఎందుకు పనిచేయునని మాత్రము మనము అరుదుగా అడుగుదుము.

రాంబిల్లి పరిసరములలోని మామిడి తోటలలో ఎర్రచీమల ఆకుగూళ్లు కనబడును. శాస్త్రములో ఈ చీమ పేరు ఈకోఫిల్లా స్మరాగ్డినా. కార్మిక చీమలు వరుసగా నిలిచి రెండు ఆకుల అంచులను దగ్గరకు లాగును. అందనప్పుడు ఒకదాని నడుమును మరొకటి నోట పట్టి గొలుసుగా ఏర్పడును. మరికొన్ని పిల్లపురుగులను నోట పట్టుకొని, వాటినుండి వచ్చు పట్టుదారముతో అంచులను అతికించును. పిల్లపురుగు తనకు పట్టుగూడు అల్లుకొనక, ఆ దారమును అందరి గూటికే ఇచ్చివేయును.

ఈ కార్మికులన్నియు ఆడవే. అయినను జతకట్టక, రాణి పిల్లలనే పెంచును. సంతానము లేని జీవి గుణము తరువాతి తరమునకు ఎట్లు చేరును? 1859లో డార్విన్ దీనిని తన సిద్ధాంతమునకు పెద్ద చిక్కుగా ఎంచెను. 1964లో విలియం హామిల్టన్ ఒక లెక్క చూపెను. సహాయము పొందినవారి మేలును బంధుత్వ భాగముతో గుణించగా, అది సహాయకుని నష్టమును మించినచో ఆ గుణము నిలుచును. తోబుట్టువులలో ఈ భాగము సగము. ఒకడు ప్రాణమిచ్చి ముగ్గురు తోబుట్టువులను బ్రతికించినచో మేలు ఒకటిన్నర, నష్టము ఒకటి.

చీమలలో మగవి ఫలదీకరణము కాని గుడ్లనుండి పుట్టును. అందుచేత ఒకే తండ్రికి పుట్టిన అక్కచెల్లెండ్ర మధ్య ఆ భాగము ముప్పాతిక. ఇదియే అసలు కారణమని చాలకాలము తలంచిరి. గాని సోదరులతో అది పావు మాత్రమే గనుక సగటు మరల సగమే. ఈ ప్రత్యేకత లేని చెదపురుగులు సహా కలిసి జీవించును. కాబట్టి బంధుత్వముతోపాటు, కాపాడుకొనదగిన గూడును, కలిసి చేయుటవలని లాభమును కూడ లెక్కించవలెను.

ఇక్కడ ఒక హెచ్చరికయున్నది. ఈ చీమలలో వయస్సు మళ్లినవి సరిహద్దు గూళ్లలో కావలియుండి, పొరుగు కుటుంబపు చీమలతో పోరాడును. వాసనచేత పరాయిదానిని గుర్తించి చంపును. వాటి ఐక్యత ఆ హద్దువద్ద ఆగిపోవును.

మన తీరములో పెద్దవల లాగువారందరు బంధువులు కారు. వాటా న్యాయముగా దొరకునని నమ్మి లాగుదురు. నేడు సాయపడినవాడు రేపు సాయము పొందునను ఈ సూత్రమును 1971లో రాబర్ట్ ట్రివర్స్ వివరించెను. చీమ శ్రమను మెచ్చుకొందము. దాని ఐక్యతను మాదిరిగా చూపుటకు ముందు, మన గూటి వాసన లేనివానితో మనమెట్లు ప్రవర్తించుచున్నామో పరీక్షించుకొందము.