ప్రసాదం స్వీకరిస్తే కీటోసిస్ చెడిపోతుందా?

మేళ్లచెరువు స్వయంభూ శంభులింగేశ్వరస్వామివారి సన్నిధికి మహాశివరాత్రినాడు వచ్చే భక్తుల నోట కొన్నేళ్లుగా ఒక కొత్త సందేహం వినవస్తున్నది. అభిషేకం దర్శించి, తీర్థం పుచ్చుకొని, ప్రసాదం దొన్నె చేతికి రాగానే కొందరు వెనుకాడుతున్నారు. "నేను కీటో ఆహారనియమంలో ఉన్నాను. ఈ పులిహోర తింటే ఇన్నాళ్ల శ్రమ వృథా అవుతుందేమో!" అన్నది వారి శంక. ఒకప్పుడు నేనూ అలా వెనుకాడినవాడినే. దొన్నె తిరిగి ఇచ్చివేయబోతుంటే పక్కన ఉన్న ఒక పెద్దమ్మ, "సారూ, శివయ్య ప్రసాదం వద్దంటరా?" అని అడిగింది. ఆమెకు చెప్పవలసిన సమాధానం ఆనాడు నాకు తెలియలేదు. తరువాత దానిని మిక్కిలి కష్టం మీద తెలుసుకున్నాను. అదే ఈ వ్యాసానికి కారణం.

నేను విశ్రాంత ఉపాధ్యాయుడను. మధుమేహం నన్ను చాలాకాలంగా వెన్నాడుతున్నది. 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణగారు ప్రచారం చేసిన ఆహారవిధానం తెలుగునాట ఊరూరా వ్యాపించినది. అన్నం, రొట్టె, చక్కెర, పండ్లు మానివేసి, కొబ్బరినూనె, నెయ్యి వంటి కొవ్వులు, నిమ్మరసం, సమృద్ధిగా నీరు తీసుకొనడం అందులోని ముఖ్యాంశాలు. బరువు తగ్గినదని, చక్కెర అదుపులోకి వచ్చినదని ఎందరో చెప్పారు. వైద్యులలో పలువురు దానిని గట్టిగా ఆక్షేపించారు కూడా. మా వీధిలోనే పది ఇళ్లలో ఆ నియమం నడిచినది. వారిలో నేనొకడిని.

ఇంతకూ కీటోసిస్ అనగానేమి? మనం తినే అన్నం, జొన్నరొట్టె, బెల్లం, పండ్లు జీర్ణమై గ్లూకోజుగా మారి రక్తంలో కలుస్తాయి. అవసరానికి మించినదానిలో కొంత గ్లైకోజెన్ అనే రూపంలో కాలేయంలోనూ కండరాలలోనూ నిలువ ఉంటుంది. కాలేయంలోని నిల్వ సుమారు 100 గ్రాములు. పిండిపదార్థాలను రోజుకు 20 నుండి 50 గ్రాములలోపు తగ్గించినా, పూర్తిగా ఉపవసించినా ఆ నిల్వ ఒకటి రెండు రోజులలో చాలావరకు తరిగిపోతుంది. రక్తంలో ఇన్సులిన్ తగ్గుతుంది. అప్పుడు శరీరంలోని కొవ్వు కరిగి కాలేయానికి చేరుతుంది. కాలేయం దానినుండి కీటోన్లను తయారుచేసి మెదడుకు, గుండెకు, కండరాలకు ఇంధనంగా పంపుతుంది. గాదెలో ధాన్యం నిండుకున్నప్పుడు అటక మీది నిల్వను దించుకొనడం వంటిది ఈ ఏర్పాటు. రక్తంలో కీటోన్లు లీటరుకు 0.5 నుండి 3 మిల్లీమోల్‌ల వరకు ఉన్న స్థితిని ఆహారం వలన కలిగిన కీటోసిస్ అంటారు.

ఈ పద్ధతి నిన్నమొన్నటిది కాదు. మూర్ఛవ్యాధి ఉన్నవారికి ఉపవాసం మేలు చేయడం గమనించి, అమెరికాలోని మేయో క్లినిక్‌కు చెందిన రస్సెల్ వైల్డర్ 1921లో దీనిని ప్రతిపాదించారు. ఉపవాసం చేయించకుండానే ఉపవాస ఫలితాన్ని పొందడం ఆయన ఉద్దేశం. మందులకు లొంగని మూర్ఛ ఉన్న పిల్లలకు నేటికీ వైద్యుల పర్యవేక్షణలో ఈ ఆహారం ఇస్తున్నారు.

ఇక అసలు ప్రశ్నకు వద్దాము. ప్రసాదం నోట వేసుకొనగానే కీటోసిస్ చెడిపోతుందా? దీనికి సమాధానం పరిమాణంలో ఉన్నది. ఉద్ధరిణెడు తీర్థం లెక్కలోనికే రాదు. చిన్న కొబ్బరిముక్కలో పీచు తీసివేయగా మిగిలే పిండిపదార్థం రెండు గ్రాములకు మించదు. చిన్న పటికబెల్లం పలుకులో నాలుగైదు గ్రాములు ఉంటుంది. 50 గ్రాముల పులిహోరలో, అనగా ఒక చిన్న పిడికెడులో, 12 నుండి 15 గ్రాములు. ఒక అరటిపండులో 20 గ్రాముల పైచిలుకు. శివరాత్రి ఉపవాసం విడిచేటప్పుడు తినే మొరంగడ్డ, అంటే చిలగడదుంప, ఉడికించినది 100 గ్రాములైతే దాదాపు 20 గ్రాములు. అన్నదాన సత్రంలో కూర్చొని 300 గ్రాముల అన్నం తింటే 80 గ్రాములు దాటుతుంది. తీపి కూడా వడ్డించుకుంటే 100 దాటుతుంది.

దీనినిబట్టి చిటికెడు ప్రసాదానికి భయపడనక్కరలేదని తెలుస్తున్నది. ఆ పూటకు ఇతర పిండిపదార్థాలు తగ్గించుకుంటే పిడికెడు పులిహోర కూడా నాటి పరిమితిలో ఇమిడిపోతుంది. పూర్తి భోజనం చేస్తే మాత్రం ఇన్సులిన్ పెరిగి కొవ్వు కరగడం ఆగుతుంది. కొన్ని గంటలలోనే రక్తంలోని కీటోన్లు పడిపోతాయి. అయితే అది వ్రతభంగం వంటిది కాదు. కీటోసిస్ అనేది ఇన్సులిన్‌ను, కాలేయంలోని నిల్వను అనుసరించి వచ్చి పోయే స్థితి మాత్రమే. మరల నియమానికి మళ్లితే, తిన్న పరిమాణాన్ని బట్టి, చేసే శ్రమను బట్టి కొన్ని గంటలనుండి రెండు మూడు రోజులలో తిరిగి ఏర్పడుతుంది.

భోజనానంతరం పావుగంట, ఇరవై నిమిషాలు నడవడం మేలు. కదిలే కండరాలు ఇన్సులిన్ సాయం అంతగా లేకుండానే రక్తంలోని గ్లూకోజును గ్రహిస్తాయి. విస్తరిలో ముందు కూర, పప్పు తిని, అన్నం చివర తింటే చక్కెర ఒక్కసారిగా పెరగదు. శివరాత్రినాడు ఎడ్ల పందేలు చూడబోయేవారు ఎంత దూరం నడుస్తారో మనకు తెలిసినదే. ఆ నడక వృథా పోదు.

మరునాడు తూకంలో కిలో, కిలోన్నర పెరిగినదని కొందరు దిగులుపడతారు. ఒక గ్రాము గ్లైకోజెన్‌తోపాటు సుమారు మూడు గ్రాముల నీరు శరీరంలో నిలుస్తుంది. పెరిగిన బరువులో అధికభాగం ఆ నీరే గాని కొవ్వు కాదు. అదే విధంగా ఎంతోకాలం అన్నం మానినవారు ఒక్కసారిగా తింటే చక్కెర అలవాటుకన్నా ఎక్కువగా పెరగవచ్చును. అందువలననే గ్లూకోజు తాగించి చేసే పరీక్షకు ముందు మూడు రోజులపాటు రోజుకు కనీసం 150 గ్రాముల పిండిపదార్థాలు తినమని చెబుతారు. కొందరు ప్రసాదం తిన్న దోషం పోవాలని మరునాడంతా నూనె తాగుతారు, లేదా కీటోన్ పొడులు కొంటారు. ఆ పొడి రక్తంలో కీటోన్ల అంకెను పెంచుతుంది గాని ఒంటిలోని కొవ్వును కరిగించదు.

ఇంతవరకు చెప్పినది మధుమేహపు మందులు వాడని ఆరోగ్యవంతులకు. మందులు వాడేవారి సంగతి వేరు. అక్కడే నేను పొరబడ్డాను.

నా మాత్రలలో డాపాగ్లిఫ్లోజిన్ అనే మందు ఒకటి చేరినది. మన దేశంలో 2020లో దాని పేటెంటు గడువు తీరడంతో ధర తగ్గి, చాలామందికి అందుబాటులోకి వచ్చినది. అది రక్తంలోని చక్కెరను మూత్రం ద్వారా బయటికి పంపుతుంది. గుండెకు, మూత్రపిండాలకు మేలు చేసే మంచి మందు. కాని నేను కీటో నియమంలో ఉన్నానని వైద్యులకు చెప్పలేదు. ఆ శివరాత్రికి ఉదయం మాత్ర వేసుకొని, పగలంతా పచ్చి ఉపవాసం ఉండి, రాత్రి జాగరణ చేశాను. పానకం ఇవ్వబోతే కీటోసిస్ పోతుందని వద్దన్నాను. మరునాడు మొరంగడ్డ కూడా ముట్టలేదు.

ఆ సాయంకాలానికి కడుపునొప్పి, వాంతులు మొదలైనవి. ఊపిరి లోతుగా, వేగంగా ఆడసాగినది. ఇంట్లో మీటరుతో చూస్తే చక్కెర 172. "చక్కెర బాగానే ఉన్నది, ఉపవాసపు నీరసమే" అనుకున్నాము. మా అబ్బాయి ఊరుకొనక కోదాడకు తీసుకొనిపోయినాడు. అక్కడి వైద్యులు రక్తంలో కీటోన్లను, ఆమ్లగుణాన్ని పరీక్షించి, ఇది కీటోసిస్ కాదు, కీటో ఎసిడోసిస్ అని చెప్పారు. కీటోన్లు మితిమీరి రక్తం ఆమ్లమయమయ్యే ప్రాణాపాయ స్థితి అది. ఈ తరగతి మందులు వాడేవారికి చక్కెర పెద్దగా పెరగకుండానే అది రావచ్చునని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2015లోనే హెచ్చరించినది. ఉపవాసం, పిండిపదార్థాలు మరీ తగ్గించడం, వాంతులు, ఒంట్లో నీరు తగ్గడం దానికి దారితీసే కారణాలు.

నాకు చేసిన చికిత్స ఏమిటో వినండి. సెలైన్, ఇన్సులిన్, వాటితోపాటు గ్లూకోజు. ఏ పిండిపదార్థాన్ని శత్రువని తలచి పానకపు గ్లాసును తోసివేశానో, అదే నా నరంలోనికి బొట్టు బొట్టుగా ఎక్కించి నన్ను బ్రతికించారు. మూడు రోజులు ఆసుపత్రిలో పడుకొని ఆ పెద్దమ్మ ప్రశ్ననే తలచుకున్నాను.

కావున భక్తులకు నా మనవి. మధుమేహం ఉన్నవారు ఉపవాసానికి ఒక వారం ముందే తమ మాత్రల చీటీని వైద్యులకు చూపి, ఉపవాసం సంగతి, ఆహారనియమం సంగతి రెండూ చెప్పాలి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్, కెనాగ్లిఫ్లోజిన్ వంటి మందులు ఆ రోజులలో ఆపాలో, ఎన్నాళ్ల ముందు ఆపాలో వారే నిర్ణయించాలి. గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవారికి ఉపవాసంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చును. చెమటలు, వణుకు, మగత కనిపిస్తే వెంటనే బెల్లమో పానకమో పుచ్చుకోవాలి. చిన్ననాటినుండి ఇన్సులిన్ మీద ఉన్నవారు దానిని పూర్తిగా మానరాదు. గర్భిణులు, బాలింతలు, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు తమంత తాము కీటో నియమం చేపట్టరాదు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం కనిపిస్తే మీటరులోని చక్కెర అంకెను చూసి ధైర్యపడక, కీటోన్ల పరీక్ష చేయించుకోవాలి.

మొన్నటి శివరాత్రికి నేను మరల స్వామివారి దర్శనానికి వెళ్లాను. వైద్యుల అనుమతితో ఒక పూట మాత్రమే ఉపవాసం, నీరు, మజ్జిగ ఉన్నవి. వారు చెప్పిన ప్రకారం ఆ మాత్రను ముందుగానే ఆపాను. ప్రసాదం దొన్నె అందుకొని, పిడికెడు నేను తిని, మిగిలినది పక్కనున్న పసివాని చేతిలో పెట్టాను. రెండు మెతుకులు కూడా మిగలకుండా తిన్నాడు. తరువాత ఇద్దరమూ ఎడ్ల పందేల వైపు నడిచాము.