వర్తక నౌకలు - శాసన సంస్కరణము

బర్మాదేశమున తెలుగువారికి కోరంగీలను పేరు ప్రసిద్ధము. యానాము చెంతనున్న కోరంగి రేవు వలన ఆ పేరు కలిగినది. తెరచాపల కాలమున ఆ తీరమందు ఓడలు కట్టినవారును, నడపినవారును తెలుగువారే. ఆవిరి యోడలు వచ్చిన పిమ్మట గోపాలపురము, విశాఖపట్టణము, కాకినాడ రేవులనుండి వేలకొలది కూలీలు రంగూనునకు పోవుచునే యుండిరి. కాని వారు చెల్లించిన కేవు, అనగా ఓడ కిరాయి, ఆంగ్లేయుల కంపెనీలకు చేరుచుండెను.

ఈ స్థితిని మార్ప నెంచి 1906లో తూత్తుకుడియందు వి. ఓ. చిదంబరం పిళ్లె స్వదేశీ నౌకా కంపెనీని స్థాపించెను. ఆంగ్ల కంపెనీల కిరాయి పోటీకిని, ప్రభుత్వపు కక్షకును అది నిలువలేకపోయెను. 1919 ఏప్రిల్ 5న సింధియా కంపెనీవారి ‘లాయల్టీ’ బొంబాయినుండి లండనునకు బయలుదేరెను. ఆ కంపెనీయే 1941లో విశాఖపట్టణమున నౌకా నిర్మాణశాలకు పునాది వేయించెను. అందు నిర్మితమైన ‘జల ఉష’ 1948 మార్చి 14న నెహ్రూ చేతులమీదుగా నీట దిగెను.

స్వాతంత్ర్యానంతరము ప్రభుత్వము రక్షణ విధానమును చేపట్టెను. తీర వర్తకము స్వదేశ నౌకలకు ప్రత్యేకింపబడెను. 1958 నాటి వర్తక నౌకా శాసనము క్రింద ఏర్పడిన అభివృద్ధి నిధి నుండి కంపెనీలకు స్వల్ప వడ్డీకి అప్పులు లభించెను. 1961లో షిప్పింగ్ కార్పొరేషన్ వెలసెను. ఈ విధానము ఫలించలేదనుట అన్యాయము. 1980వ దశకము చివర దేశపు విదేశ వర్తకమున సుమారు 40 శాతమును స్వదేశ నౌకలే మోయుచుండెను. అయితే ఆ దశకముననే ఓడల వ్యాపారము ప్రపంచమంతట కుంగెను, అభివృద్ధి నిధియు రద్దయ్యెను. పిమ్మట స్వదేశ నౌకల భాగము 10 శాతమునకు దిగువకు పడిపోయెను.

ఈ క్షీణతకు కారణమును సముద్రమునందు గాక లెక్కల పుస్తకమున వెదకవలెను. ఓడ ఇల్లు వంటిది కాదు. యజమాని దానిని పరదేశపు ధ్వజము క్రిందనైనను నమోదు చేయించుకొనగలడు. పనామా, లైబీరియా వంటి దేశములు స్వల్పమైన పన్నులతో ఓడలను ఆకర్షించినవి. లాభముపై నిండు పన్ను కట్టు ఓడ వానితో కిరాయిలో పోటీపడజాలదు. 2004లో వచ్చిన టన్నేజి పన్ను ఈ చిక్కునకు తొలి విరుగుడు. దానిని కోరుకొన్న కంపెనీకి వాస్తవ లాభముతో నిమిత్తము లేదు. ఓడ నికర టన్నులను బట్టియు, దినముల సంఖ్యను బట్టియు గణించిన ఊహా ఆదాయముపై పన్ను పడును. భారము తగ్గుటయే గాక, ఎంత కట్టవలెనో ముందే తెలియును. ప్రతిగా లాభమున కనీసము 20 శాతమును ప్రత్యేక నిధిలో నుంచి, ఎనిమిదేండ్లలోపల కొత్త ఓడకై వినియోగింపవలెను. శిక్షణార్థులను ఓడలపై తీసికొనవలెను. మినహాయింపును ఓడల వృద్ధితో ముడివేసిన ఈ నిబంధన మెచ్చదగినది. అయినను పన్ను తగ్గినంతమాత్రమున అప్పు చౌక కాలేదు. విదేశీ యజమానికి దీర్ఘకాలమునకు తక్కువ వడ్డీకి దొరకు ఋణము ఇచటివారికి దుర్లభముగనే యుండెను.

2021లో ప్రభుత్వ సరకుల టెండర్లలో పాల్గొను స్వదేశ నౌకలకు ఐదేండ్లలో 1,624 కోట్ల రూపాయల సహాయము మంజూరయ్యెను. 2025లో 1958 నాటి శాసనమునకు బదులు క్రొత్త వర్తక నౌకా శాసనము వచ్చెను. 561 సెక్షన్లు 325 అయినవి. ఓడ సర్వస్వామ్యము భారతీయులదే కావలెనను నియమము సడలెను. కడకు కొనుగోలగు షరతుతో అద్దెకు తెచ్చిన ఓడకును భారత ధ్వజము క్రింద నమోదు పొందు వీలు కలిగెను. అదే సంవత్సరము సెప్టెంబరులో ఆమోదింపబడిన 69,725 కోట్ల పథకమున 25,000 కోట్లు సముద్రాభివృద్ధి నిధికి కేటాయింపబడెను; అందు 5,000 కోట్లు వడ్డీ భారమును తగ్గించుటకే. పెద్ద ఓడలు మౌలిక వసతుల పట్టికలో చేరుటచే దీర్ఘకాలిక ఋణములకు త్రోవ యేర్పడెను. మొదట పట్టుకొనవలసిన ముడి చాల ఆలస్యముగ చేతికి చిక్కినదని చెప్పక తప్పదు.

పాత శాసనమున నావికుల సంక్షేమ నిబంధనలు ప్రధానముగ భారత ధ్వజము గల ఓడలలో పనిచేయువారికే వర్తించుచుండెను. కాని భారతీయ నావికులలో అత్యధికులు విదేశ నౌకలపైననే కొలువు చేయుచున్నారు. 2025 నాటి శాసనము వారిని గూడ దృష్టిలో నుంచుకొన్నది.