మడుగు మిగిలితే చేప మిగులుతుంది

ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప మెట్టల్లో కృష్ణానదిని మినహాయిస్తే మిగిలిన ఏరులు దాదాపు అన్నీ వానాధారమే. నల్లమలలో పుట్టి కంభం, అద్దంకి ప్రాంతాల మీదుగా సముద్రానికి చేరే గుండ్లకమ్మ, కారెంపూడి పక్కన పారే నాగులేరు, మాచర్ల దగ్గరి చంద్రవంక, ప్రకాశంలోని మూసీ, పాలేరు, మన్నేరు వర్షాకాలంలో పొంగి, వేసవికి మడుగులుగా విడిపోతాయి. నల్లరేగడి నేల తడిసి ఉబ్బిన తరువాత నీటిని త్వరగా ఇంకనివ్వదు కాబట్టి, పెద్దవాన పడిన గంటల్లోనే వాగు ఉరకలెత్తుతుంది, అంతే వేగంగా తగ్గిపోతుంది. ఈ నేల మీది నాటుచేపల బతుకంతా ఈ ఎగుడుదిగుళ్లకు అలవాటుపడినదే.

కార్పు జాతి చేపలు, అంటే బొచ్చె, మోసు వంటి పొలుసు చేపలు, నిలకడ నీటిలో సాధారణంగా గుడ్లు పెట్టవు. వేసవిలోనే వాటి కడుపులో గుడ్లు ముదురుతాయి. కానీ వాటిని విడవడానికి తొలకరి వరద కావాలి. నీటిమట్టం పెరగడం, నీరు బురదబారి చల్లబడడం, ప్రవాహం వేగం అందుకోవడం కలిసి చేప మెదడు అడుగున ఉండే పీయూషగ్రంథిని ప్రేరేపిస్తే, ఆ గ్రంథి స్రవించే హార్మోన్లు గుడ్ల విడుదలకు దారితీస్తాయి. 1957 జూలై 10న ఒడిశాలో మత్స్యశాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి ఈ గ్రంథి సారాన్నే సూదితో ఎక్కించి, వరద లేకుండానే కార్పుల చేత గుడ్లు పెట్టించారు. దేశంలోని నేటి కార్పు పిల్లల కేంద్రాలకు మూలం ఆ ప్రయోగమే, ఏటా జూలై 10న దేశం జాతీయ మత్స్యరైతుల దినోత్సవం జరుపుకొనేదీ దాని జ్ఞాపకార్థమే. వాన చేసే పనిని సూది చేయగలదని తేలిందంటే, వాగులోని చేప వానకు ఎంతగా కట్టుబడి ఉందో కూడా దానితోనే తేలింది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు సరైన వరద రాకపోతే చేప గుడ్లను తన శరీరంలోకే తిరిగి పీల్చుకుంటుంది, ఆ ఏటి సంతతి అక్కడితో పోతుంది.

అందుచేత ఏడాది మొత్తం మీద ఎన్ని మిల్లీమీటర్లు కురిసిందన్న లెక్క చేపల సంగతిని పూర్తిగా చెప్పదు. ప్రకాశం ప్రాంతంలో ఈశాన్య రుతుపవనాల వాటా నైరుతికి ఇంచుమించు సమానం. నైరుతి మొహం చాటేసి అక్టోబరు, నవంబరు తుపానులు చెరువులు నింపితే ఆ ఏడు సాధారణ వర్షపాతంగానే నమోదవుతుంది, మిరప రైతూ కొంత ఊరట పొందుతాడు. కానీ కార్పుకు అది కాలం మించిన వరద. పరిగెల వంటి చిన్న చేపలు ఏడాదిలోపే ఈడుకు వచ్చి, వాన ఎప్పుడు పడితే అప్పుడు గుడ్లు పెట్టగలవు గనుక, అటువంటి ఏళ్లలో వాటి పాలు పెరిగి పెద్దచేప తగ్గుతుంది.

కరవు పని మరో రకంగా సాగుతుంది. పారుదల ఆగిన వాగులో చేపలన్నీ లోతైన మడుగుల్లో చిక్కుకుంటాయి. ఇరవై డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు నీరు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టి ఉంచగలిగితే, ముప్పై డిగ్రీల వద్ద అది ఏడున్నరకు పడిపోతుంది. కుళ్లిన ఆకులు, రాత్రిపూట నాచు దానిలోనూ వాటా అడుగుతాయి కాబట్టి తెల్లవారుజామున చేపలు నోళ్లు తెరిచి పైకి తేలతాయి. కార్పులు ముందుగా చస్తాయి. కొర్రమీను, మట్టగిడస, మార్పు, ఇంగిలాయి మాత్రం మొప్పలకు తోడుగా గాలిని నేరుగా పీల్చుకునే అవయవాలున్నందున తట్టుకుంటాయి, తడి బురదలో కూడా కొంతకాలం బతుకుతాయి. వాలుగ వంటి వేటచేపకూ కొంగలకూ ఇది పండుగ కాలం, ఊత పట్టి దిగే మనుషులకు కూడా. మళ్లీ వాగు పారినప్పుడు తల్లిచేపలయ్యేవి ఈ మడుగులో మిగిలినవే అన్న సంగతి ఆ వేటలో ఎవరికీ పట్టదు.

అయితే ఈ జాతులు కరవును వేల ఏళ్లుగా ఎరిగినవే. ఇటీవల కొత్తగా వచ్చినవి మడుగు పోవడం, దారి మూసుకుపోవడం. ఇసుక తవ్వకాలు ఏటి లోతులను చెరుపుతాయి, బోర్లు భూగర్భజలాన్ని లాగేస్తే మడుగుకు అడుగున ఊట అందదు. వాగు నుంచి చెరువుకు, అలుగు మీదుగా కింది చెరువుకు ఎదురెక్కే దారులు కట్టడాలతో తెగిపోతాయి. విజయవాడ వద్ద 1855లో ఆనకట్ట, దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చాక సముద్రం నుంచి కృష్ణలోకి ఎదురీదే పులస జాతికి పై దారి అందకుండా పోయింది. దక్షిణాది నదుల ఆనకట్టలు చేపల రాకపోకలను ఆపుతున్నాయని మత్స్యశాస్త్రవేత్త ఫ్రాన్సిస్ డే 1873 నాటి తన నివేదికలోనే ప్రభుత్వానికి చెప్పాడు. కట్టడం చెడిపోయినా నష్టమే: మల్లవరం దగ్గరి గుండ్లకమ్మ జలాశయంలో 2022 ఆగస్టులో ఒక గేటు, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వరదకు మరొకటి కొట్టుకుపోయి నిల్వనీరు వృథాగా సముద్రం పాలైంది. వానలు పడి కూడా కరవు రావడమంటే ఇదే.

పత్తి, మిరప చేల వల్ల మరొక చిక్కు ఉంది. సైపర్‌మెత్రిన్ వంటి పైరెత్రాయిడ్ మందులు మనుషుల కంటే చేపలకు ఎన్నో రెట్లు విషం, పైగా మట్టి రేణువులను అంటిపెట్టుకుంటాయి. ఆగస్టు, సెప్టెంబరుల్లో పిచికారీ జోరుగా సాగే చేల నుంచి వాన కడిగిన ఒండ్రు వాగులో కలిసే వేళకు, తొలకరిలో పుట్టిన చేపపిల్లలు ఆ వాగులోనే ఉంటాయి. నిండుగా పారే ఏట్లో ఆ విషం పలచబడుతుంది. చిన్న జల్లు పొలాన్ని కడిగి వాగును మాత్రం పారించలేని లోటు ఏళ్లలో అది మడుగుల్లోనే నిలిచిపోతుంది.

కరవు తరువాత వచ్చే పెద్ద వరద నాటుచేపకు మేలే చేస్తుంది, కాని ఒక మెలికతో. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగువకు పోయినప్పటిలాంటి వరదలు గట్లు దాటి పొలాలను, చెరువులను, పెంపకపు గుంటలను ఒకటి చేస్తాయి. కొర్రమీను ఎర్రటి పిల్లల గుంపుకు మేతనేల దొరికేది ఆ పలచటి వరదనీటిలోనే. గుంటల గట్టు దాటిన తిలాపియా, దేశంలో పెంపకం నిషేధించిన ఆఫ్రికా మార్పు ఏటిలోకి చేరేదీ ఆ నీటితోనే. పారుదల ఆగి నీరు మళ్లీ మడుగులకు దిగినప్పుడు, ఇరుకు నీటిని నాటుచేపలకు ఏమాత్రం తీసిపోకుండా ఓర్చుకునే ఈ జాతులు కూడా అక్కడే మకాం వేస్తాయి.