సూర్యుడి గాలి, భూమి వడ్డాణం



2024 మే 10వ తేదీ గుర్తుందా? ఆనాడు అక్షయ తృతీయ. మీలో కొందరు కర్నూలులోనో కడపలోనో బంగారు అంగళ్ళకు వెళ్ళే ఉంటారు. మూడు రోజుల్లో పోలింగు కాబట్టి వీధుల్లో మైకుల హోరు. ఆ రాత్రి పదిన్నర దాటాక భూమిని పెద్ద తుఫాను తాకింది. మన దగ్గర ఎవరికీ తెలియనే లేదు. అదేం తుఫానమ్మా అంటారా? అయస్కాంత తుఫాను. 2003 తర్వాత అంత పెద్దది అదే.

మన సీమ ఎండ సంగతి మీకు నేను చెప్పాలా! రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ వెలుగు సూర్యుడి నుంచి ఎనిమిది నిమిషాల్లో వచ్చేస్తుంది. అయితే సూర్యుడు వెలుగొక్కటే పంపడు. విద్యుత్తు నిండిన సూక్ష్మ కణాలను కూడా ఎడతెగకుండా వెదజల్లుతుంటాడు. ఇదే సౌరపవనం. మామూలుగా దీని వేగం సెకనుకు 400 కిలోమీటర్లు. మన దాకా రావడానికి నాలుగు రోజులు. ఒక్కోసారి మాత్రం పెద్ద మేఘంలాంటిది సూర్యుడి నుంచి ఊడి, తన అయస్కాంత శక్తితో సహా ఒకటి రెండు రోజుల్లోనే వచ్చి పడుతుంది. ఆ మే నెలలో అలాంటివి ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి.

భూమి కూడా అయస్కాంతమే. దాని శక్తే మనకు కవచం. మరి ఆ కవచంలోకి దారెలా దొరుకుతుంది? పిల్లలు ఆడుకునే రెండు అయస్కాంతాలను చూడండి. ఒక వైపు పెడితే నెట్టుకుంటాయి, తిప్పి పెడితే అతుక్కుంటాయి. వచ్చే మేఘంలోని అయస్కాంత దిశ దక్షిణానికి తిరిగి ఉంటే, అది మన కవచంతో అతుక్కుని తలుపు తెరిచినట్టవుతుంది. అప్పుడు వేల కిలోమీటర్ల ఎత్తున, భూమి నడుముకు వడ్డాణం పెట్టినట్టు, ఒక విద్యుత్ ప్రవాహం బలపడుతుంది. అది నేలమీది అయస్కాంత బలాన్ని తగ్గిస్తుంది. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1964 నుంచీ ఈ హెచ్చుతగ్గులను కొలుస్తోంది. అంత పెద్ద తుఫానులోనూ తగ్గేది సుమారు నూటికి ఒక పాలే!

ఆ కాస్తకే ఇంత గొడవా అనకండి. 1989 మార్చి 13న కెనడాలోని క్విబెక్‌లో కరెంటు పోయి 60 లక్షల మంది తొమ్మిది గంటలు చీకట్లో ఉన్నారు. 2024లో అమెరికా రైతులకు ఉపగ్రహాలు చూపే దారి తప్పి, విత్తే ట్రాక్టర్లు ఆపుకోవలసి వచ్చింది. మన లడఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడింది.

మరి మన ఒంటికేమైనా అవుతుందా? "ఈ రాత్రి విశ్వకిరణాలు వస్తాయి, ఫోన్లు ఆపి దూరంగా పెట్టండి" అని సందేశాలు తిరుగుతుంటాయి కదూ. వాటిని నమ్మి కడుపుతో ఉన్న పిల్లలను భయపెట్టకండి. మన నెత్తిన కవచంతోపాటు దట్టమైన గాలి పొర కూడా ఉంది. ఈ తుఫాను దెబ్బ తగిలేది ఉపగ్రహాలకు, కరెంటు తీగలకు, రేడియో తరంగాలకు. నేలమీదున్న మనుషులకు కాదు.

పైగా కాపలా కూడా ఉంది. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి వెళ్ళిన ఆదిత్య ఎల్-1, భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరాన నిలిచి ఈ గాలిని కొలుస్తోంది. గాలి అక్కడి నుంచి మన దాకా రావడానికి అరగంట నుంచి గంట పడుతుంది. ఆ వ్యవధే హెచ్చరిక.

ఈసారి అలాంటి సందేశం వస్తే ఇతరులకు పంపకండి. రెండు అయస్కాంతాలు తెచ్చి పిల్లల ముందు పెట్టి, ఈ కథ చెప్పండి.